లెన్సు ముందు అట్ట

మార్చి 5, మంగళవారం

మ్యాట్నీలో నాలుగో రీలు నడుస్తుండగా పోలీసులు వచ్చారు. ఇరవై రెండేళ్ళ ఆపరేటరు ఉద్యోగంలో ఆట మధ్యలో ఆపడం నాకిది మూడోసారి. మొదటి రెండుసార్లూ కరెంటు పోయింది. ఈసారి కరెంటు ఉండగానే ఆపమన్నారు. హాల్లో లైట్లు వేసి కిందికి చూస్తే జనం నన్నే తిడుతున్నారు. సినిమా హాల్లో ఏం జరిగినా మొదటి తిట్టు ఆపరేటరుకే.

రీళ్ళన్నీ డబ్బాల్లో పెట్టించి పట్టుకుపోయారు. ఆరో రీలు మాత్రం విడిగా గుడ్డలో కట్టి లక్క ముద్ర వేశారు. అశ్లీల చిత్ర ప్రదర్శన అట నేరం. ఓనరమ్మని జీపెక్కించారు. ఆవిడ చేతిసంచీ సర్దుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని, పెళ్ళికి వెళ్తున్నంత తీరిగ్గా ఎక్కింది. సాయంత్రానికి బెయిలు దొరికింది. హాలుకి మాత్రం సీలు పడింది.

సీలు వేసేముందు ఈ లాగ్‌బుక్కు చొక్కాలో దోపుకుని వచ్చేశాను. తేదీ, ఆట, రీలు, రిమార్కులు అని గళ్ళున్నాయి. సగానికి పైగా ఖాళీ. రోజూ ఏదో ఒకటి గీకడం అలవాటైన చెయ్యి ఊరికే ఉండదు. ఇది ఎవరూ చదవక్కర్లేదు.

మా ఆవిడ ఏమీ అడగలేదు. "కాళ్ళు కడుక్కోండి" అని మాత్రం అంది.

మార్చి 6, బుధవారం

పదకొండింటికి చొక్కా వేసుకుని వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చాను. రెండింటికి మళ్ళీ వెళ్ళాను. అయిదున్నరకి మళ్ళీ. ఆటల టైములకి కాళ్ళే లేస్తున్నాయి, నేను లేవడం లేదు.

మార్చి 8, శుక్రవారం

ఓనరమ్మ ఇంటి ముందుగదిలో లాయరు కూర్చోబెట్టి మాట్లాడాడు. నేనూ, టార్చీ వెళ్ళాం. టార్చి అంటే గేటు దగ్గర టిక్కెట్లు చింపి, చీకట్లో టార్చిలైటుతో సీట్లు చూపించే మనిషి. అసలు పేరు వాళ్ళావిడకైనా గుర్తుందో లేదో.

ఫిర్యాదు చేసింది రిటైరైన హెడ్మాస్టరుగారు. ఊళ్ళో సగం మందికి లెక్కలు చెప్పారు. నాకూ చెప్పారు. ఆయన అబద్ధం ఆడతారంటే నా చెవులు ఒప్పుకోవు. ఆయన మెలిపెట్టిన చెవులే కదా.

లాయరు ఫిర్యాదు చదివాడు. "మూడో తేదీ ఆదివారం మ్యాట్నీ ఆటలో నేనును, నా మనవరాలును చూచుచుండగా, కథానాయిక వక్షస్థలమును బాహాటముగా ప్రదర్శించినది. ఒక పురుషుడు దానిని తడుముచుండగా మూలుగులతో కూడిన ఆ దృశ్యము సుమారు రెండు నిమిషములు సాగినది."

కాగితం మడిచి పక్కన పెట్టాడు.

"చట్టంలో అసలు మాట ఒకటుంది," అన్నాడు లాయరు. "అశ్లీలమని తెలిసి చూపించి ఉండాలి. ఆ తెలిసి అన్నదాన్ని వాళ్ళు రుజువు చెయ్యాలి. మనది సెన్సారు సర్టిఫికెట్ ఉన్న సినిమా. అందులో తప్పేమీ లేదని నమ్మి వేశాం. ఎవరడిగినా అందరూ అదే చెప్పండి. రుజువైతే అమ్మగారికి ఏడాది జైలు, హాలు లైసెన్సు గోవిందా."

"నాకు జైలంటే భయం లేదు," అంది ఓనరమ్మ. "నచ్చనివాడు లేచి పోవచ్చు, ఎవరొద్దన్నారు? చూడాలనుకున్నవాడి కళ్ళు మూయడానికి వీళ్ళెవరు?"

టార్చి తల ఊపాడు. నేనూ ఊపాను.

ఆదివారం మ్యాట్నీలో ఆ సీను తెర మీద పడలేదు. నేను అట్ట అడ్డం పెట్టాను. హెడ్మాస్టరుగారు చూసింది చీకటి.

ఈ మాట అక్కడ చెప్పాల్సింది. లాయరు కాఫీ తాగాక చెబుదామనుకున్నాను. తాగాక ఆయన లేచి వెళ్ళిపోయాడు.

మార్చి 9, శనివారం

అట్ట గురించి రాస్తాను. ఇంతవరకు ఎక్కడా రాయలేదు, రిమార్కుల గడిలో కూడా.

నాకు పని నేర్పిన ముసలి ఆపరేటరు చూపించిన విద్య అది. పాత క్యాలెండరు అట్టకి నల్లకాగితం అంటించి, లెన్సుకీ గోడలో ఉన్న చిన్న అద్దం కిటికీకీ మధ్య పెడితే తెర చీకటైపోతుంది. మాటలు మామూలుగానే వినబడతాయి. "కత్తెరేస్తే అతుకు కనిపిస్తుందిరా, ప్రింటు పాడవుద్ది. అట్టకి ఏ పాపమూ అంటదు" అనేవాడు. ఆయన పోయాక క్యాబిన్‌తో పాటు అట్ట కూడా నాకొచ్చింది.

మ్యాట్నీలకీ, ఆదివారం పగటి ఆటలకీ ఆడవాళ్ళు, పిల్లలు వస్తారు. ముద్దు వస్తే అట్ట. స్నానం వస్తే అట్ట. కింద కుర్రాళ్ళు ఈలలు వేస్తారు, పిల్లల కళ్ళు మూసిన తల్లులు చేతులు తీస్తారు. పెద్ద సెన్సారు ఎక్కడో ఏసీ గదిలో కూర్చుంటే చిన్న సెన్సారుని నేను. అబద్ధమెందుకు, ఆ ఈలలు వింటే గర్వంగానే ఉండేది. ఎనిమిది వందల మంది చూపు నా మోచేతి కింద ఉంది మరి.

ఓనరమ్మకి నచ్చదు. ఎవరో చాడీ చెబితే ఒకసారి పిలిచి గట్టిగానే చెప్పింది: "సర్టిఫికెట్లో ఎంత ఉందో అంతా నా తెర మీద పడాలి." అలాగేనమ్మా అన్నాను. నెల్లాళ్ళు పెట్టలేదు. తర్వాత మామూలే.

రాత్రి రెండో ఆటకి మాత్రం ఎప్పుడూ పెట్టను. రెండో ఆటకి వచ్చేవాళ్ళు ఏం చూస్తే నాకేం.

ఈ సినిమాకి రెండో ఆటకీ పెట్టాను. నాలుగు రోజులూ పెట్టాను. చెయ్యి దానంతటదే పోయింది. అలవాటు చెడ్డది.

అసలు ఆ సీను నేనూ పూర్తిగా చూడలేదు. విడుదలకి ముందు ట్రయల్ వేసినప్పుడు కథానాయిక అద్దం ముందు నిలబడి జాకెట్టు గుండీ మీద చెయ్యి వెయ్యగానే, మిషను దీపంలో మండే కార్బను పుల్ల ఎలా ఉందో చూద్దామని వంగాను. కార్బను బాగానే ఉంది. సినిమాలో తలుపు చప్పుడు వినబడేదాకా వంగే ఉన్నాను. ఆటలప్పుడు కూడా అంతే, గుండీ దగ్గర అట్ట పెట్టడం, తలుపు చప్పుడు కాగానే తియ్యడం.

మార్చి 10, ఆదివారం

రిమార్కులు: లేవు.

మార్చి 13, బుధవారం

ఓనరమ్మ పిలిపించింది. వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది. వాళ్ళాయన పోయాక హాలు అమ్మేయమని చుట్టాలందరూ చెబితే, "అమ్మితే మీకు సినిమాలెవరు చూపిస్తారు" అని నడిమంత్రాన హాలు నెత్తికెత్తుకున్న మనిషి. ఈ సినిమాని తనే వెళ్ళి చూసి, ఏరి తెచ్చుకుంది. ఈ సినిమా నడవదని డిస్ట్రిబ్యూటరు చెప్పినా వినలేదు.

"ఒక్కటడుగుతాను, నిజం చెప్పు," అంది. "అట్టలూ గిట్టలూ ఏమన్నా పెట్టావా దీనికి?"

"లేదమ్మా. ఒక్క ఫ్రేము కూడా మూయలేదు."

"ఒట్టు?"

"ఒట్టమ్మా."

"సరే. నువ్వు మూసుంటే మాత్రం మన కొంప మునిగేది. లాయరు చెప్పాడు. ఆపరేటరే మూశాడంటే అది బూతని మనకి తెలిసినట్టేగా. తెలిసి వేసినట్టేగా."

మంచినీళ్ళు తాగి వచ్చేశాను. నేను చేసింది మంచిపనే. ఆ అబద్ధం ఆవిడ కోసమే ఆడాను.

మార్చి 17, ఆదివారం

మా ఆవిడ ఇస్త్రీ చేస్తోంది. నేను కుర్చీలో కూర్చుని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పేపరు పట్టుకున్నాను. బట్టల మీంచి తల ఎత్తకుండానే అంది:

"నేనూ అక్కా చూశాం ఆ సినిమా. నాలుగో తారీఖు, సోమవారం మ్యాట్నీకి వచ్చాం."

"చెప్పలేదేం? పాసు ఇచ్చేవాడిని కదా."

"అందుకే చెప్పలేదు. టిక్కెట్టు కొనుక్కుని చూడాలనిపించింది."

నేను పేపరు పేజీ తిప్పాను.

"పేపర్లో రాశారు, అందులో ఒకావిడకి నాలాగే ఆపరేషనయిందని. అద్దం ముందు ఎలా నిలబడిందో చూద్దామని వచ్చాను. సరిగ్గా అప్పుడే చీకటయింది. అక్క కరెంటు పోయిందంది. కరెంటు పోతే మాటలు వినబడవు కదే అక్కా అన్నాను." ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. "మీ చెయ్యేనని తెలుసు."

"హాలు నిండా పిల్లలున్నారు," అన్నాను.

"సోమవారం మ్యాట్నీలోనా? పదిహేను మంది లేరు."

చొక్కా మడతపెట్టి నా ఒళ్ళో పెట్టి లోపలికి వెళ్ళింది.

ఆవిడకి ఆపరేషనయి మూడేళ్ళు దాటింది. ఎడమవైపు. డాక్టరు అంతా నయమైందన్నాడు. అప్పట్నుంచి ఆవిడ లోపలి గదిలో పడుకుంటుంది, నేను ముందుగదిలో. విశ్రాంతి కావాలి కదా. బట్టలు మార్చుకునేటప్పుడు గడియ పెట్టుకుంటుంది. ఆవిడకి అదే ఇష్టం. నేనెప్పుడూ బలవంతపెట్టలేదు. అలాంటివాడిని కాదు.

పదిహేను మంది కాదు, పాతిక మంది ఉంటారు.

మార్చి 24, ఆదివారం

టార్చి వచ్చి అరగంట కూర్చున్నాడు. హాల్లో ఎలుకలు సీట్లు తినేస్తున్నాయేమోనని వాడి బెంగ. "ఎలుకలకి సర్టిఫికెట్ అక్కర్లేదు బావా, ఏదైనా చూస్తాయి" అన్నాడు. నవ్వాను. చాలా రోజులకి నవ్వాను.

మార్చి 28, గురువారం

మెజిస్ట్రేటుగారు సినిమా చూస్తారట. ముక్క చూసి తీర్పు చెప్పకూడదు, మొత్తం చూడాలని మన లాయరు పట్టుబట్టాడు. మంగళవారం సీలు తీసి హాల్లోనే వెయ్యాలి. వేసేది నేనే. నాకు తప్ప ఆ మిషన్లు ఎవరి మాటా వినవు.

మా ఆవిడకి చెప్పాను. "మొత్తం వేస్తారా?" అంది.

ఏప్రిల్ 2, మంగళవారం

ఎనిమిది వందల సీట్ల హాల్లో ఏడుగురు. మెజిస్ట్రేటుగారు, ఆయన గుమాస్తా, రెండు వైపుల లాయర్లు, ఓనరమ్మ, హెడ్మాస్టరుగారు, వాళ్ళకి మంచినీళ్ళిచ్చే టార్చి. క్యాబిన్లో నాతోపాటు ఒక కానిస్టేబులు. ఏ రీలూ మార్చకుండా, ఏదీ తియ్యకుండా కాపలా. అట్ట మేకుకి వేలాడుతోంది. అతనికి అది అట్టముక్క, అంతే.

నెలరోజులు మూలపడ్డ మిషను. ఫోకసు జారిపోతోంది, తెర మీంచి చూపు తిప్పడానికి లేదు. ఆరో రీలు వచ్చింది. ఆవిడ అద్దం ముందుకి వచ్చింది. నా చెయ్యి మేకు దాకా వెళ్ళింది. "ఏం కావాలి?" అన్నాడు కానిస్టేబులు. ఏమీ వద్దన్నాను.

చూశాను.

ఎడమవైపు ఏమీ లేదు. చంక దగ్గర్నుంచి మధ్యదాకా ఒక కుట్టు, ముడతపడ్డ చర్మం. అంతే ఉంది. భర్త వెనక నుంచి వచ్చాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా కొసతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, వంగి చూశాడు. బొటనవేలూ చూపుడువేలూ చాచి, బట్టల కొట్లో గుడ్డ కొలిచినట్టు ఆ కుట్టుని కొలిచాడు. ఆమెకి చక్కిలిగింతలు పుట్టి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. అతను తల ఆ కుట్టు మీదే ఆనించి ఉండిపోయాడు. తర్వాత ఎవరో తలుపు తీసిన చప్పుడు. యాభై సెకన్లు.

నేను వినేవాడిని కదా ఆ నవ్వూ ఏడుపూ, నాలుగు రోజులూ. చీకట్లో అవి మూలుగుల్లాగే ఉంటాయి.

రీలు చివర మూలన చుక్క పడుతుంది, అప్పుడు రెండో మిషనుకి మార్చాలి. చుక్క పడింది, నేను చూసుకోలేదు. తెర తెల్లబోయింది. ఇరవై రెండేళ్ళలో ఎప్పుడూ ఇలా తప్పలేదు. కింద నుంచి గుమాస్తా అరిచాడు.

అయిపోయాక మెట్ల దగ్గర హెడ్మాస్టరుగారు నన్ను ఆపారు. 

"ఏరా, ఇదేమిటిరా? ఆ రోజు చూపించింది ఇది కాదు."

"ఇదేనండీ."

"కాదు. ఇందులో తప్పేముంది? పాపం జబ్బు మనిషి. ఆ రోజు వేరే. నా మనవరాలు 'తాతయ్యా ఆవిడనేం చేస్తున్నారు' అని నా చెయ్యి పట్టుకుంది. ఎనిమిదేళ్ళ పిల్లరా. నేను చెవులారా విన్నాను, కళ్ళారా చూశాను."

ఆయన కళ్ళలో దొంగతనం లేదు. నిజంగానే చూశాననుకుంటున్నారు.

ఏప్రిల్ 4, గురువారం

పుండు మీద కారం పడింది. హెడ్మాస్టరుగారు కోర్టులో కొత్తగా వాంగ్మూలం ఇచ్చారు. ఆదివారం ఆరో రీల్లో వేరే బూతు ముక్క అతికించి వేశారనీ, పోలీసులు వచ్చేలోపు తీసేశారనీ. ఇప్పుడిక సర్టిఫికెట్ కూడా అక్కరకి రాదు. సర్టిఫికెట్ లేని ముక్క కలిపితే శిక్ష మూడేళ్ళట.

ఓనరమ్మ గోడ వైపు చూస్తూ కూర్చుంది. ఆవిడ అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. "ముక్కలు అతికించానంటాడా? నేనా?" అంది ఒక్కసారే. లాయరు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. "ఆ రోజు తెర మీద ఏం పడిందో చెప్పగలిగిన మనిషి దొరకాలి," అన్నాడు.

చెప్పేశాను. అట్ట సంగతి, నాలుగు రోజుల సంగతి, ఒట్టు సంగతి.

ఓనరమ్మ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "పైనున్న కత్తెరవాళ్ళతో ఇన్నేళ్ళు పోట్లాడాను," అంది, "నా నెత్తి మీద క్యాబిన్లోనే ఒకడు కూర్చున్నాడని తెలుసుకోలేకపోయాను." తిట్టి ఉంటే బాగుండేది.

లాయరు మాత్రం లేచి తిరగడం మొదలుపెట్టాడు. "చీకటి చూసి ఫిర్యాదు చేశాడన్నమాట! భలే. కానీ..." అని ఆగాడు. "ఎందుకు మూశావని అడుగుతారు. బూతనిపించి మూశానన్నావో, తెలిసి వేసినట్టే. ఏం చెబుతావు?"

"కుటుంబాలు వస్తాయని."

"అది చాలదు. ఆలోచించుకో."

మా ఆవిడకి చెప్పలేదు. కోర్టుకి వెళ్ళాలని మాత్రం చెప్పాను.

ఏప్రిల్ 7, ఆదివారం

కుటుంబాలు వస్తాయని.

ఏప్రిల్ 8, సోమవారం

కుటుంబాలు వస్తాయని. పిల్లలుంటారని. ముసలి ఆపరేటరు నేర్పాడని. అలవాటని.

ఏప్రిల్ 9, మంగళవారం

ఉన్నది ఉన్నట్టు రాయాలి.

బోనెక్కాను. మన లాయరు అడిగినంతసేపూ బాగానే జరిగింది. మూడో తేదీ మ్యాట్నీలో ఆ యాభై సెకన్లూ తెర చీకటిగా ఉందనీ, నాలుగు రోజులూ రెండో ఆటకి కూడా అట్ట పెట్టాననీ చెప్పాను. హెడ్మాస్టరుగారు ముందు వరసలో కూర్చుని ఉన్నారు. "మరి నేనేం చూశాను?" అన్నారు పైకే. ఎవరినీ అడిగినట్టు లేదు. బంట్రోతు నిశ్శబ్దం అన్నాడు. ఆయన తల వంచుకుని తన అరచేతులు చూసుకుంటూ ఉండిపోయారు. ఎనభై ఏళ్ళ మనిషి, నాకు జాలేసింది.

ప్రాసిక్యూటరు లేచాడు. మెత్తగా మాట్లాడతాడు, గాజు గిన్నెలు సర్దుతున్నట్టు.

"అట్ట పెట్టారు. అంటే అది అశ్లీలమని మీకు తెలుసు."

"కాదండీ. కుటుంబాలు వస్తాయని."

"గేటు మనిషి సాక్ష్యం ప్రకారం రెండో ఆటకి మీరెప్పుడూ పెట్టరు. అవునా?"

టార్చి వైపు చూశాను. వాడు తల దించుకున్నాడు. అడిగారు, చెప్పాడు. వాడి తప్పేముంది.

"అవునండీ."

"ఈ సినిమాకి మాత్రం రెండో ఆటకీ పెట్టారు. మీరే ఇందాక చెప్పారు. బాగా ముదిరిన సినిమాలకి కూడా అట్ట పెట్టని ఆటకి దీనికెందుకు పెట్టారు? ఇరవై రెండేళ్ళ అనుభవంలో ఇంత పచ్చి దృశ్యం మీరు చూడలేదు. అంతేనా?"

"అంతే కాదండీ."

"మరి?"

ఓనరమ్మ నా వైపు చూస్తోంది.  రెండు రోజులు బట్టీపట్టిన మాటల్లో ఒక్కటీ అక్కరకి రాలేదు.

"అందులో ఆవిడకి ఒక రొమ్ము లేదండీ," అన్నాను. "మా ఆవిడక్కూడా లేదు. తీసేశారు. మూడేళ్ళయింది. నేనింతవరకు చూడలేదు. ఇంట్లో చూడలేనిది అంతెత్తు తెర మీద ఎలా చూస్తానండీ? బూతని మూయలేదు. చేతకాక మూశాను."

 మెజిస్ట్రేటుగారు పెన్ను పట్టుకుని, "మెల్లిగా చెప్పండి, రికార్డు చెయ్యాలి," అన్నారు. మళ్ళీ చెప్పాను. టైపిస్టు కొడుతూ, "ఎన్నేళ్ళన్నారు?" అన్నాడు. మూడు అన్నాను. "ఏ వైపు?" అన్నాడు. ఎడమ అన్నాను. అది కూడా కొట్టాడు.

బయటికి వచ్చాక లాయరు నా భుజం తట్టాడు. "కేసు నిలబెట్టావయ్యా" అన్నాడు.  ఓనరమ్మ నా చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడింది. బరువు దిగిపోయింది నాకు. ఒంటిలో ఇంత తేలిక ఉంటుందని మర్చిపోయాను. ఇంటికి నడిచే వెళ్ళాను. నిజం చెప్పినవాడిని కదా.

ఏప్రిల్ 10, బుధవారం

పేపర్లో వచ్చింది. నా పేరు వెయ్యలేదు. "ఆపరేటరు భార్యకు జరిగిన శస్త్రచికిత్స" అని వేశారు. ఏ వైపో కూడా వేశారు. ఊళ్ళో ఆపరేటర్లు ఎంతమంది?

మా ఆవిడ పేపరు చదివి, మడతపెట్టి, బల్ల మీద పెట్టింది. రెండు చీరలు సంచిలో పెట్టుకుంది.

"అక్క దగ్గరికి వెళ్తున్నాను."

"ఎన్ని రోజులు?"

"తెలియదు."

నేను నిజం చెప్పాను కదా అన్నాను. ఆవిడ చెప్పులు వేసుకుంటోంది.

ఏప్రిల్ 14, ఆదివారం

ఒక్కడినే. పాల ప్యాకెట్టు రెండు రోజులుగా అలాగే ఉండి విరిగిపోయింది.

ఏప్రిల్ 19, శుక్రవారం

కేసు కొట్టేశారు. చిత్రం అశ్లీలం కాదు, ముక్క కలిపినట్టు రుజువు లేదు, ఫిర్యాదిది దురుద్దేశం కాదు, పొరపాటు అన్నారు. తీర్పులో ఒక పేరా నా మీద. సర్టిఫికెట్ పొందిన చిత్రాన్ని తన ఇష్టం వచ్చినట్టు మూయడానికి ఆపరేటరుకి ఏ అధికారమూ లేదని, జరిమానా వేశారు. ఓనరమ్మ కట్టబోయింది, నేనే కట్టాను.

ఆవిడ వచ్చే శుక్రవారం అదే సినిమాతో హాలు తెరుస్తుందట. "నువ్వు నెల్లాళ్ళు క్యాబిన్ ఎక్కొద్దు," అంది. "పక్క ఊరి నుంచి ఆపరేటర్ని పిలిచాను. నువ్వు కింద కూర్చుని, టిక్కెట్టు కొనుక్కుని, సినిమాలు చూడు. మొత్తం చూడు. ఆ తర్వాత ఎక్కుదువుగాని."

నాకు కోపం రాలేదు. వస్తుందేమోనని చూశాను.

గెలిచిన కబురు మా ఆవిడకి చెప్పాలని ఫోను దగ్గరికి మూడుసార్లు వెళ్ళాను.

ఏప్రిల్ 21, ఆదివారం

వచ్చింది. సంచి మంచం మీద పెట్టి, నాకెదురుగా కూర్చుంది. వదిన ఎలా ఉందని అడిగాను. బాగుందంది. 

"నేను కోర్టులో నిజమే..." అన్నాను.

"నిజమే చెప్పారు. కాదన్నానా?" ఆవిడ గొంతు పెద్దది కాదు, ఇవాళ మాత్రం వీధిలోకి వినబడింది. "ఎవరి నిజం అది? ఒళ్ళు నాది. నేను మీకే చూపించలేదు, మీరు తీసుకెళ్ళి కోర్టుకి చూపించారు. కూరగాయల కొట్లో వాడు నన్ను చూడకుండా నా పైట వైపు చూస్తున్నాడు. అక్క పక్కింటావిడ వచ్చి ఎడమదేనా అని అడిగి వెళ్ళింది."

"ఓనరమ్మ జైలుకి పోయేది."

"పోయేది. తెలుసు. ముందురోజు నాకు చెప్పి ఉంటే కోర్టులో చెప్పమని నేనే అనేదాన్నేమో. అడగాలని తోచలేదా మీకు?" కళ్ళు తుడుచుకుంది, ఏడుపు కాదు కోపం. "అప్పుడు నన్నడక్కుండా మూశారు. ఇప్పుడు నన్నడక్కుండా తెరిచారు. రెండింటికీ చెయ్యి మీదే."

ఆవిడ లోపలికి వెళ్ళాక ఈ పుస్తకం తీసి పేజీలు వెనక్కి తిప్పాను.  

మూడేళ్ళుగా గడియ ఆవిడ పెట్టుకుంటోందని రాశాను ఇందులోనే, పైన ఎక్కడో. ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి వారం గడియ పెట్టుకోలేదు. కట్టు మార్చడానికి పిలిచింది. నేను నర్సుని పిలుచుకొస్తానని బయటికి వెళ్ళాను. సాయంత్రం దాకా రాలేదు. ఆ మర్నాటి నుంచి గడియ.

ఏప్రిల్ 26, శుక్రవారం

మ్యాట్నీకి టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళాను. టార్చి సీటు చూపిస్తూ, "దారి తెలుసా బావా?" అన్నాడు. కేసు పుణ్యమా అని హాలు నిండింది. సగం మంది దేనికోసం వచ్చారో మొహాలు చూస్తేనే తెలుస్తోంది. రెండు వరసల ముందు మా ఆవిడా, వదినా కూర్చున్నారు. వాళ్ళూ టిక్కెట్టు కొనుక్కున్నారు. నన్ను చూశారు, పిలవలేదు.

ఆరో రీలు వచ్చింది. కొత్త ఆపరేటరు ఫోకసు బాగానే పట్టాడు. జాకెట్టు గుండీ దగ్గర ఎవరో ఒకడు ఈల వేశాడు. కుట్టు కనబడగానే ఆ ఈల సగంలో ఆగిపోయింది. తర్వాత ఎవరూ కదల్లేదు. అతను వేళ్ళతో కొలిచినప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు వినిపించింది. ఒక్కరిది కాదు, చాలామందిది. అందులో మా ఆవిడ నవ్వు ఉంది. మూడేళ్ళయినా గుర్తుపట్టాను.

ముగ్గురం కలిసి నడిచి వచ్చాం. వదిన వాళ్ళ వీధి దగ్గర ఆగిపోయింది.

ఇంటికొచ్చాక ఆవిడ తీగ మీది బట్టలు తెచ్చి లోపలి గదిలో మంచం మీద పోసింది. దుప్పటి మడతపెడుతోంది. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను. లోపలికి అడుగు పెట్టలేదు.

"చూడొచ్చా?" అన్నాను.

ఆవిడ చేతులు ఆగాయి. ఏమిటని అడగలేదు. నా వైపు చాలాసేపు చూసింది. అంతసేపూ నేను ఎక్కడికీ వంగలేదు, దేన్నీ చూసుకోలేదు.

"ఇవాళ కాదు," అంది.

సరేనన్నాను. దుప్పటి రెండో కొస నా వైపు చాపింది. పట్టుకున్నాను.